చచ్చిన బటన్ సెల్

సీపీయూ మీద మామిడికాయ తొక్కు జాడీ ఉంది. జాడీ మీద సిబ్బి, సిబ్బి మీద గుడ్డ. మారెమ్మ వాటిని ఒక్కొక్కటిగా దించి నేల మీద పెట్టింది. కింద రేకు డబ్బా బయటపడింది. సుహాసిని ఫోన్లో టైం చూసుకుంది. తొమ్మిది ఇరవై.

"ఇదేనా?"

"గిదే మేడం," అంది మారెమ్మ కూతురు శ్రీదేవి. "షాపు ఎత్తేసిననాడు నడుస్తలేదని పారేద్దామన్న. అమ్మ ఇననే లేదు. జాడీకి చీమలు పట్టకుంట ఎత్తుకు పనికొస్తదని తెచ్చుకున్నది."

"ఇనుప సామానోనికి ఏస్తే ఏమొస్తది?" అంది మారెమ్మ. "ఇంట్ల ఉంటే పీట అయితది."

పది నెలలుగా పీట అయి కూర్చున్న ఆ డబ్బా మీదే శివకృష్ణ బతుకు ఆధారపడి ఉంది.

2017 మే 18, గురువారం. నకిరేకల్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలో తన నిమ్మకాయల షెడ్డులో వ్యాపారి వీరేశం హత్యకు గురయ్యాడు. రెండు నలభైకి అతను భార్యతో ఫోన్లో మాట్లాడాడు. మూడు గంటల ఐదు నిమిషాలకు కూలి సైదమ్మ శవాన్ని చూసింది. నడుమ ఇరవై ఐదు నిమిషాల్లో ఎవరో ఐదు కిలోల తూకపు రాయితో అతని తల మీద కొట్టారు. సాయంత్రం ఐదింటికి వీరేశం బామ్మర్ది సురేశ్ ఫిర్యాదు ఇచ్చాడు. షెడ్డు హమాలీ శివకృష్ణ కొట్టి పారిపోతుంటే కళ్లారా చూశానన్నాడు.

శివకృష్ణ నాలుగేళ్లుగా చెప్పింది ఒకటే మాట. ఆ టైంలో తాను నకిరేకల్‌లో శ్రీదేవి డీటీపీ సెంటర్లో కూర్చుని తండ్రి దశదినకర్మ కార్డు చేయించుకుంటున్నానని. అతను ఆ రోజు వచ్చాడని శ్రీదేవి కోర్టులో ఒప్పుకుంది. ఎన్ని గంటలకో యాదికి లేదంది. కంప్యూటర్లో కార్డు ఫైలు ఉంది, కానీ దాని తేదీ 2007 జనవరి 1 అని చూపించింది. దర్యాప్తు అధికారి నవ్వి పక్కన పెట్టాడు. తర్వాత కంప్యూటర్ కూడా చచ్చిపోయింది.

ఎల్లుండి తీర్పు. కొత్త సాక్ష్యం ఉంటే ఇవాళ సాయంత్రం నాలుగున్నర లోపు పిటిషన్ పడాలి. శివకృష్ణ వకీలు ఆ మాట సుహాసినికి పొద్దున్నుంచి రెండుసార్లు చెప్పాడు. సుహాసిని ఎనిమిదేళ్లు పోలీస్ స్టేషన్లో రైటర్‌గా పనిచేసి, రాజీనామా చేసి, నల్గొండలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. ఏ కాగితం ఏ గంటకు పనికిరాకుండా పోతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర లేదు.

ఆమె నోట్‌బుక్ తెరిచింది.

"ఆ దినం కరెంటు ఎట్లుండె?"

శ్రీదేవి ఈ ప్రశ్న అనుకోలేదు. "కరెంటా? పొద్దుగాల ఉండె. నడుమల పోయింది. లైన్ రిపేరన్నరు. పగటీలి అన్నం తిన్నంక వచ్చింది."

"వచ్చినంక ఎంతసేపటికి కంప్యూటర్ ఆన్ చేసినవు?"

"ఎంతసేపేంది, ఎంటనే. శివకృష్ణ అప్పటికే వచ్చి స్టూలు మీద కూసున్నడు. ఫ్యాను తిరుగుడు, నేను బటన్ నొక్కుడు."

"యూపీఎస్?"

"పేరుకు ఉండె. దాని బ్యాటరీ పోయి రెండేండ్లు. అందుకే రెండు మాటలు కొట్టంగనే సేవ్ కొడ్త. దిద్దినప్పుడల్ల కొత్త నంబరు ఏస్త. కార్డు ఒకటి, కార్డు రెండు, గట్ల. కరెంటు పోతే ఉన్నకాడికి దక్కుతది గద."

"తేదీ తప్పు చూపిస్తుండెనా?"

"ఎప్పుడు చూసినా 2007 ఏ. మొదట్ల దిద్దిన. కరెంటు పోయొస్తే మల్ల గదే. ఎన్నిసార్లని దిద్దుత? ఆన్ కాంగనే ఇంగ్లీషుల ఏదో వచ్చి ఎఫ్ వన్ నొక్కుమంటది. నొక్కుతుంటి. కార్డు మీద తేదీ మనం చేత్తోని కొడ్తం. కంప్యూటర్ తేదీ ఎవనికి గావాలె?"

సుహాసిని చివరి మాట రాసుకుని కింద గీత గీసింది.

"పెన్ డ్రైవ్ తెచ్చేటోళ్లు?"

"వస్తుండిరి. గని పెన్ డ్రైవ్ల కెళ్లి నేను ఎన్నడు ప్రింట్ తియ్య. నడుమల కరెంటు పోయి అది ఖరాబైతే మన మీదికొస్తరు. ముందుగాల డెస్క్‌టాప్ మీద ఏసుకుంట, అక్కడికెళ్లి తీస్త."

"శివకృష్ణ పోయినంక ఎవరొచ్చిన్రు?"

శ్రీదేవి వంగి జాడీ మీద సిబ్బి సర్దింది. "యాదికి లేదు మేడం."

మారెమ్మ లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"ఈ డబ్బ గురించి ఎవరన్న అడిగిన్రా?"

"మొన్న ఒకాయన వచ్చిండు," అంది మారెమ్మ. "షాపు సామాను ఇంకేమన్న మిగిలిందా అని. లేదన్న. తొక్కు జాడీ కింద ఎవడు చూస్తడు?"

"ఎవరాయన?"

శ్రీదేవి తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎవరో. తీస్కపో మేడం దాన్ని. జల్ది తీస్కపో."

*

నల్గొండలో డానియల్ రిపేరు షాపు మొదటి అంతస్తులో ఉంది. సుహాసిని డబ్బాను ఎత్తుకుని మెట్లెక్కేసరికి పదకొండుకు పది నిమిషాలు తక్కువ. పై మెట్టు మీద శివకృష్ణ తల్లి గోపమ్మ కూర్చుని ఉంది. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో భర్త కురుమయ్య దశదినకర్మ కార్డు.

"గా డబ్బ మాట్లాడుతదా బిడ్డా?"

"మాట్లాడిపియ్యాలె అవ్వా."

డానియల్ ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు బాగు చేస్తున్నాడు. పక్క రేకు ఊడదీసి టార్చి వేశాడు.

"మేడం, హార్డ్ డిస్క్ తీసి వేరే మిషిన్ల పెడ్తే ఫైళ్లు వస్తయి. గీ చచ్చిన డబ్బను లేపుడెందుకు?"

"డిస్క్ ఫైళ్లు చూపిస్తది. ఈ డబ్బల గడియారం ఎట్ల నడిచిందో డబ్బనే చెప్పాలె. నాకు రెండూ కావాలె. ముందుగాల డిస్క్‌కు నకలు తియ్యి. అసలు దాని మీద కొత్తగ ఒక్క అక్షరం పడొద్దు."

డానియల్ డిస్క్ విప్పి, రాత పడకుండా ఆపే పరికరానికి తగిలించి నకలు మొదలుపెట్టాడు. రెండు గంటలకు పైనే పడుతుందన్నాడు. సుహాసిని ఫోన్‌ను స్టాండుకు బిగించి వీడియో ఆన్ చేసింది. ఇక ఆ గదిలో జరిగేదంతా దానిలో పడుతుంది.

డబ్బాకు కరెంటు ఇచ్చి బటన్ నొక్కారు. ఏమీ లేదు. పవర్ సప్లై ఫ్యాన్లో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది. డానియల్ స్క్రూడ్రైవర్‌తో దాన్ని గీకి తీశాడు. పచ్చ తీగను, నల్ల తీగను ఒక పిన్నుతో కలిపి చూశాడు. ఫ్యాను కదల్లేదు.

"గీ పవర్ సప్లై పోయింది. బోర్డు బతికుంటే నీ అదృష్టం."

అల్మరాలో నుంచి ఇంకో పవర్ సప్లై తీసి తగిలించాడు. తగిలిస్తూ, అలవాటు ప్రకారం, గోరుతో బోర్డు మీది, లోపలి గడియారాన్ని నడిపే బటన్ సెల్‌ను పైకి లేపబోయాడు. రెండో చేతిలో కొత్త సెల్ ప్యాకెట్ ఉంది.

సుహాసిని అతని మణికట్టు పట్టుకుంది.

"దాన్ని ముట్టకు."

"చచ్చిన సెల్ మేడం! పాత మిషిన్ ఏది వచ్చినా మొదలు మార్చేది గిదే. పది నిమిషాలల్ల తేదీ, టైం సక్కగ చేసిస్త."

"నువ్వు సక్కగ చేస్తే శివకృష్ణ జైలుకు పోతడు. ఆ సెల్ చచ్చే ఉండాలె."

అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడైంది. పన్నెండు గంటల ఎనిమిది నిమిషాలు.

*

విజేందర్ రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు హైదరాబాద్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాడు. ఈ కేసులో వీరేశం కుటుంబం తరఫున అతన్ని పెట్టుకున్నది సురేశ్. ఒకప్పుడు సుహాసినికి పంచనామా రాయడం నేర్పింది కూడా ఇతనే.

"ఏందమ్మా సుహాసినీ, పాత సామాన్ల దుకాణం పెట్టినవా?"

"ఏం చేస్తం సార్. కొత్త సామాను మీ అసోంటి పెద్దోళ్లు తీస్కపోతిరి."

"డబ్బ నాది." అతను ఫైలులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "పోయినేడు ఆగస్టుల శ్రీదేవి షాపు సామాను మొత్తం మా సురేశ్ కొన్నడు. రాతకోతలు పక్కా. ఇప్పుడు గిది ఎత్తుకపోత. అడ్డమొస్తే స్టేషన్ల మాట్లాడుకుందాం."

సుహాసిని కాగితం రెండుసార్లు చదివింది. మానిటరు ఒకటి. ప్రింటర్లు రెండు. స్కానరు ఒకటి. కుర్చీలు నాలుగు. స్టూలు ఒకటి.

"సీపీయూ ఏది సార్?"

"ఏందీ?"

"లిస్టుల సీపీయూ లేదు. పంచనామల లేని వస్తువు సీన్ల లేనట్టే అని ఎవరో నేర్పిన్రు నాకు."

డానియల్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. విజేందర్ కాగితం చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చూశాడు.

"ఇంకో ముచ్చట సార్. నిమ్మకాయల వ్యాపారికి డీటీపీ సామాను ఎందుకు?"

"సాయం చేసిండేమో. లాక్‌డౌన్ల పాపం ఆడపిల్ల షాపు మూసుకున్నదని."

"సాయం చేసేటోడు పైసలిచ్చి ఊకుంటడు. స్టూలు గూడ ఎత్తుకపోతడా?"

విజేందర్ కాగితం మడిచి ఫైలులో పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే. లేపు. లేపి ఏం చేస్తవు? దాంట్లున్న ఫైళ్లన్నీ 2007 జనవరి ఒకటికి పుట్టినయి. కార్డు మీదేమో 2017ల చచ్చిన మనిషి ఫోటో. జడ్జి నవ్వుతడు."

"కొట్టు డానియల్."

డానియల్ బటన్ నొక్కాడు. ఈసారి ఫ్యాను తిరిగింది. గోపమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తెర మీద ఏమీ రాలేదు. డబ్బా మూడుసార్లు కూసింది.

"బోర్డు బతికే ఉన్నది!" డానియల్ గొంతు పెరిగింది. "మూడు కూతలంటే ర్యామ్ అందుతలేదు."

అతను ర్యామ్ పట్టీ ఊడదీశాడు. దాని బంగారు అంచు నల్లబడింది. బడిపిల్లల రబ్బరు తీసుకుని అటు పన్నెండు సార్లు, ఇటు పన్నెండు సార్లు తుడిచాడు. ఊదాడు. గాడిలో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కాడు. టక్కుమంది.

మళ్లీ బటన్.

ఒకటే కూత. తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. గడియారం బ్యాటరీ పోయిందని, ముందుకు పోవాలంటే ఎఫ్ వన్ నొక్కమని.

"వచ్చింది!" డానియల్ బల్ల మీద చరిచాడు. గోపమ్మ రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలియదు.

డానియల్ సెట్టింగుల పేజీ తెరిచాడు. సుహాసిని తెర మీద ఉన్నది వీడియో కోసం పైకి చదివింది. "తేదీ, జనవరి ఒకటి, 2007. టైం, సున్నా గంటల సున్నా నిమిషాల నలభై ఒక్క సెకన్లు. ఇప్పుడు నా ఫోన్ల పన్నెండు యాభై రెండు. ప్లగ్గు పీకు."

పీకాడు. నిమిషం ఆగి పెట్టాడు. జనవరి ఒకటి, 2007. సున్నా గంటలు. ఇంకోసారి. మళ్లీ అదే. మూడోసారి విజేందర్ తనే లేచి ప్లగ్గు పీకి పెట్టాడు. తెర అదే చెప్పింది.

"తప్పు తేదీ అని మూడుసార్లు చూపెట్టినవు," అన్నాడు. "దానికేనా ఇంత ఆర్భాటం?"

"తేదీ తప్పే సార్. లెక్క తప్పు కాదు. కరెంటు పోయొచ్చినప్పుడల్ల ఇది సున్నా నుంచి మొదలైతది. మొదలైనంక సక్కగనే నడుస్తది. ఫైలు మీద ముప్పై ఒక్క నిమిషాలు అని ఉంటే, కరెంటు వచ్చి ముప్పై ఒక్క నిమిషాలైందని అర్థం. కరెంటు ఎప్పుడొచ్చిందో తెలిస్తే చాలు."

"నాలుగేండ్ల కిందటి కరెంటు ఎప్పుడొచ్చిందో నీకెవరు చెప్తరు?"

సుహాసిని తండ్రి జానయ్య ముప్పై ఏళ్లు మక్తల్ దగ్గర సబ్‌స్టేషన్లో ఆపరేటర్‌గా చేశాడు. బడి నుంచి వచ్చి ఆమె ఆయన బల్ల పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకునేది. ఏ ఊరికి కరెంటిచ్చే ఫీడరు పోయినా, వచ్చినా ఆయన ముందు గోడ గడియారం చూసేవాడు, తర్వాత లాగ్ బుక్కులో రాసేవాడు, ఆ తర్వాతే ఫోన్ ఎత్తేవాడు.

"మా నాయిన అసోంటోళ్లు రాసిపెడ్తరు సార్. నిమిషంతో సహా. రాయకుంటే మెమో." ఆమె సంచిలోంచి సమాచార హక్కు కింద తెప్పించిన జిరాక్సు తీసింది. "మే పద్దెనిమిది. నకిరేకల్ టౌన్ ఫీడరు. లైను పని కోసం పదకొండు ఇరవైకి కరెంటు తీసిన్రు. రెండు గంటల పది నిమిషాలకు ఇచ్చిన్రు. మల్ల పోయింది రాత్రి ఏడు నలభై రెండుకు."

విజేందర్ జిరాక్సు మీది ముద్రను వేలితో తడిమి చూశాడు. మొదటిసారి అతను కుర్చీలో ముందుకు జరిగాడు.

*

ఒకటిన్నరకు నకలు పూర్తయింది. డానియల్ దాన్ని తన మిషన్‌కు తగిలించి డెస్క్‌టాప్ ఫోల్డరు తెరిచాడు. వందల ఫైళ్లు. సుహాసిని పేరు చెప్పింది. కురుమయ్య.

ఆరు ఫైళ్లు వచ్చాయి. అన్నీ జనవరి ఒకటి, 2007.

కురుమయ్య ఫోటో, ముప్పై ఒక్క నిమిషాలు. కార్డు ఒకటి, ముప్పై ఆరు. కార్డు రెండు, నలభై ఒకటి. మూడు, నలభై ఏడు. నాలుగు, యాభై రెండు. ఐదు, యాభై ఎనిమిది.

సుహాసిని ఒక్కోదానికి రెండు గంటల పది కలుపుతూ రాసింది. 2.41. 2.46. 2.51. 2.57. 3.02. 3.08.

"ఆన్ అయ్యేటందుకు రెండు మూడు నిమిషాలు అటిటు ఏసుకున్నా, వీరేశం చచ్చిన ఇరవై ఐదు నిమిషాలు గీ కార్డులల్లనే ఉన్నయి."

"పొద్దటి కరెంటు కావచ్చు," అన్నాడు విజేందర్ వెంటనే. "తొమ్మిదింటికి షాపు తెరిచింది. తొమ్మిది నలభైకి కార్డు కొట్టింది. పగటీలి ఆయన షెడ్డుల ఉన్నడు."

"పొద్దుగాల శివకృష్ణ యాడున్నడు? మీ ఫైలే చూడుండ్రి. సైదమ్మ సాక్ష్యం."

విజేందర్ పేజీలు తిప్పాడు. అతను అబద్ధం చదివే మనిషి కాదు. "పొద్దున ఏడు నుంచి పదకొండున్నర దాకా షెడ్డులో ముద్దాయి నిమ్మకాయల బస్తాలు మోసినాడు."

"అరెస్టు పంచనామల చొక్కా జేబుల దొరికింది?"

ఇంకో పేజీ. "సెల్‌ఫోన్ ఒకటి. దశదినకర్మ కార్డులు ఇరవై. అదే రోజు సాయంత్రం ఆరు గంటలు." అతను ఆగాడు. "పదకొండున్నరకు, ఆరింటికి నడుమ."

"నడుమల కరెంటు ఒక్కటే సారి వచ్చింది."

"కార్డు శివకృష్ణనే చేయించిండని ఏముంది? ఇంకెవన్నో తోలిండు. ఈయన షెడ్డుకు పోయిండు."

డానియల్ కార్డులను పక్కపక్కన తెరిచాడు. ఒకదానికీ ఇంకోదానికీ ఒక్క పేరే మారింది. కార్డు రెండులో కురుమయ్య చిన్నచెల్లెలు పేరు అందరికన్నా కింద ఉంది. కార్డు మూడులో అది రెండో పేరు అయింది. కార్డు నాలుగులో ఆమె భర్త పేరు కూడా ఆమె పక్కకు వచ్చింది.

"గా మేనత్తే!" అంది గోపమ్మ గుమ్మంలోంచి. "పేరు కిందికి ఏస్తే దినాలకు రానన్నది. కొడుకు షాపుల కెళ్లి ఫోన్ చేసి బతిమిలాడిండు. పేరు పైకి తెచ్చిన్రు. మల్ల తన మొగని పేరేదన్నది. అదీ ఏసిన్రు. అచ్చి కడుపునిండ తిని, కార్డుల రంగు బాలేదన్నది."

విజేందర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. వెంటనే ముఖం సర్దుకున్నాడు. "ఇది ముచ్చట. సాక్ష్యం కాదు."

"ఫోటో తెరువు డానియల్."

స్కాన్ చేసిన ఫోటో తెర నిండా పరుచుకుంది. గోడకు తగిలించే అద్దం పటం అది. కురుమయ్యకు ఉన్నది అదొక్కటే ఫోటో, దాన్ని పటంలోంచి విప్పనివ్వలేదు. పటం మందానికి స్కానరు మూత పడలేదు. అందుకే దాన్ని పై నుంచి చేత్తో అదిమి పట్టుకున్నారు. కార్డులో వేసేటప్పుడు శ్రీదేవి అంచులు కత్తిరించింది. ఈ మొదటి ఫైలులో అంచులు అలాగే ఉన్నాయి. కుడి అంచున పటం దాటి, స్కానరు అద్దానికి ఆనుకుని ఒక బొటనవేలు ఉంది.

"పెద్దగ చెయ్యి."

వేలిముద్ర గీతలు కనిపించాయి. వాటిని అడ్డంగా కోసుకుంటూ ఒక గాటు.

"ముద్దాయి గుర్తులు చదువుండ్రి సార్."

విజేందర్ పేజీ తీశాడు. చదివే ముందు తెర వైపు చూశాడు. "కుడి చేతి బొటనవేలి కొసన, నిమ్మ ముల్లు దిగి కోసిన పాత గాటు." ఫైలు మూసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "రెండు నలభై ఒకటికి ఈ వేలు అద్దం మీద ఉన్నది."

గోపమ్మ తెర దగ్గరకు వచ్చింది. ఎవరూ ఆపలేదు. ఆ వేలిని తన వేలితో తాకింది.

"నా కొడుకుదే."

టైం రెండు గంటల ఐదు నిమిషాలు. ఫైళ్లు నకిలీవి కావని నిపుణుడు చెప్పాలి, అది తర్వాతి పని. పిటిషన్‌కు ఇది చాలు. కానీ సుహాసినికి పొద్దున్నుంచి ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. సురేశ్ స్టూలుతో సహా ఎందుకు కొన్నాడు? శివకృష్ణ కార్డు సంగతి కోర్టులో ఎప్పుడో తేలిపోయింది, 2007 అని. దానికి భయపడాల్సిన పని అతనికి లేదు. మరి ఈ డబ్బాలో అతను వెతికేది ఏమిటి?

"డానియల్, ఫైళ్లన్నీ తేదీల వారీగ పెట్టు. కొత్తది పైకి."

డానియల్ తేదీ వరుస మీద నొక్కాడు. వందల ఫైళ్లు కదిలాయి. కింద అంతా జనవరి ఒకటి, 2007. పైన మాత్రం వేరే వేరే ఏళ్ల తేదీలతో కొన్ని ఫైళ్లు నిలిచాయి. వాటి నడుమ ఒకటి సుహాసిని కంటపడింది.

18-05-2017. 11.32.

డానియల్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "గిదెట్ల మేడం? గీ మిషిన్‌కు 2017 అనేదే తెల్వది గద."

"తెల్వది. అది ఈడ పుట్టిన ఫైలు కాదు." సుహాసిని తెర మీద ఆ వరుసను వేలితో చూపింది. "పెన్ డ్రైవ్ల వచ్చింది. శ్రీదేవి ముందు డెస్క్‌టాప్ మీద ఏసుకుంటది. రాసిన మిషిన్ తేదీ దానితోనే వచ్చింది. ఈడ దిగింది ఎప్పుడో చూడు."

డానియల్ ఫైలు వివరాలు తెరిచాడు. "జనవరి ఒకటి, 2007. గంట ఇరవై నాలుగు నిమిషాలు."

"మూడు ముప్పై నాలుగు. శివకృష్ణ పోయినంక వచ్చినాయన. తెరువు."

ఒక పేజీ కాగితం. పైన పోలీసు అధికారి గారికి అని ఉంది. కింద సంతకం చోట సురేశ్ పేరు. విజేందర్ లేచి వచ్చి, సుహాసిని భుజం మీదుగా పైకే చదివాడు. చదివే కొద్దీ గొంతు తగ్గింది.

"ఈ రోజు మధ్యాహ్నం సుమారు రెండు గంటల నలభై ఐదు నిమిషాలకు, మా షెడ్డు హమాలీ శివకృష్ణ నా బావ వీరేశం గారిని ఐదు కిలోల తూకపు రాయితో తలపై కొట్టి చంపి పారిపోవుచుండగా నేను కళ్లారా చూచినాను."

రాసింది పదకొండు ముప్పై రెండుకు. అప్పటికి వీరేశం బతికే ఉన్నాడు. ఇంకో మూడు గంటలు బతికాడు.

"నకిరేకల్ల అప్పుడు కరెంటు లేదు," అన్నాడు విజేందర్. అది వాదన కాదు, పట్టు కోసం వెతుకులాట.

"ల్యాప్‌టాప్‌కు కరెంటు ఎందుకు సార్?"

"ఆ ల్యాప్‌టాప్ల టైం తప్పు ఉండొచ్చు."

"తప్పైతే ఆయన స్టూలు గూడ ఎందుకు కొన్నడు?"

విజేందర్ ఆ పేజీని ఇంకోసారి చదివాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. కాల్ లిస్టు తెరిచి ఆమె ముందు పెట్టాడు. పన్నెండు ఐదుకు సురేశ్. నాలుగు నిమిషాలు మాట్లాడాడు.

"పొద్దుగాల మా మనిషి నీ ఎంబడి వచ్చిండు. ఈ షాపు మెట్లెక్కంగ సురేశ్‌కు చెప్పిన," అన్నాడు. "డబ్బ సుహాసిని కాడ ఉన్నది, శ్రీదేవి ఇచ్చిందని. ఒంటిగంటకు మల్ల మెసేజ్ పెట్టిన, లేచిందని. వస్త అన్నడు. ఈడికి వస్తడనుకున్న. రాలే."

నల్గొండ నుంచి నకిరేకల్ ముప్పావు గంట. ఆ పెన్ డ్రైవ్ ఎవరు తెచ్చారో చెప్పగలిగిన మనిషి ఒక్కరే.

సుహాసిని శ్రీదేవికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. డానియల్ అప్పటికే ఈ ఏడు ఫైళ్ల నకలును కవరులో పెట్టాడు. ఆమె ఆ కవరు తీసి గోపమ్మ చేతిలో పెట్టింది.

"అవ్వా, డానియల్‌తోని కోర్టుకు పో. వకీలు సార్ చేతిల పెట్టు. ఇంకెవరు అడిగినా ఇయ్యకు."

గోపమ్మ కవరును కొంగులో చుట్టి రెండు ముళ్లు వేసి, నడుముకు దోపుకుంది. విజేందర్ కారు తాళం తీసి మెట్ల వైపు నడుస్తూ ఎవరో పాత ఎస్సై పేరు పెట్టి ఫోన్లో అరుస్తున్నాడు.

సుహాసిని రెండోసారి డయల్ చేసింది. మూడో మోతకు ఎత్తారు.

"శ్రీదేవీ?"

"శ్రీదేవి చాయ పెడ్తాంది మేడం," అంది ఒక మగ గొంతు. తొందర లేదు. "మారెమ్మ గూడ ఈడనే కూసున్నది. చెప్పుండ్రి." అవతల సిబ్బి నేల మీద జరిగిన చప్పుడు వినిపించింది. "గీ తొక్కు జాడీ కింద పెట్టిన్రేంది? పక్కన నాలుగు మూలల జాడ పడి ఉన్నది. గక్కడ ఏముండె మేడం?"